గాలికీ నీటికీ ఒక లెడ్జరు: పొటెన్షియల్ వోర్టిసిటీ



గత ఏడాది స్కాలర్‌షిప్పుల పంపిణీ సభ ముగిశాక ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న అడిగింది. "తాతగారూ, తుఫాను పుట్టాలంటే సముద్రం వేడిగా ఉండాలంటారు. భూమధ్యరేఖ దగ్గర సముద్రం వేడిగానే ఉంటుంది కదా! మరి సరిగ్గా అక్కడ తుఫాన్లు ఎందుకు పుట్టవు?" అక్కడ కోరియోలిస్ బలం ఉండదు కనుక అని ఆమె పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం ఉందట. పరీక్షకు ఆ ముక్క చాలు. ఆ అమ్మాయికి చాలలేదు. నిజం చెప్పాలంటే నాకూ చాలలేదు.

నేను కామర్సు చదివి, బ్యాంకులో లెడ్జర్లు రాసి రిటైరైనవాడిని. ఫిజిక్సు నా సబ్జెక్టు కాదు. కొన్ని నెలలు పుస్తకాలు తిరగేసిన మీదట, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే సూత్రం నాకు బాగా తెలిసిన ఖాతా పుస్తకంలాగే కనిపించింది. దాని పేరు పొటెన్షియల్ వోర్టిసిటీ. మన పిల్లలు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషు, ఇలా రకరకాల మీడియాలలో చదువుతున్నారు కాబట్టి పెద్ద సంస్కృత పదాల జోలికి పోకుండా చెబుతాను.

వోర్టిసిటీ అంటే గాలికి గానీ నీటికి గానీ ఉన్న సుడి తిరిగే గుణం. గాలిలో నిలువుగా ఒక స్తంభాన్ని ఊహించుకోండి. దానికి రెండు సుడులు ఉంటాయి. ఒకటి భూమి ఇచ్చిన సుడి. భూమి తిరుగుతోంది గనుక, కదలకుండా నిలబడిన గాలి కూడా భూమితోపాటు తిరుగుతూనే ఉంటుంది. రెండోది సొంత సుడి, అంటే భూమి మీద నిలబడి చూసేవారికి కనిపించే తిరుగుడు. ఉత్తరార్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే ప్లస్, ముల్లుతోపాటు తిరిగితే మైనస్ అని రాసుకుందాం. తుఫాను ప్లస్ వైపుది.

భూమి ఇచ్చే సుడి అన్నిచోట్లా ఒకటి కాదు. ఉత్తర ధ్రువం మీద నిలబడ్డ మనిషి రోజుకొకసారి తన చుట్టూ తానే తిరుగుతాడు. భూమధ్యరేఖ మీద నిలబడ్డవాడిని భూమి చుట్టూ తిప్పుకొస్తుందే తప్ప, తన నిలువు అక్షం మీద బొంగరంలా తిప్పదు. సెకనుకు లక్షలో ఒక వంతును ఒక యూనిట్ అనుకుంటే, ధ్రువం దగ్గర భూమి సుడి 14.58 యూనిట్లు, 20 డిగ్రీల అక్షాంశం దగ్గర 4.99, 15 డిగ్రీల దగ్గర 3.77, 5 డిగ్రీల దగ్గర 1.27, భూమధ్యరేఖ మీద సున్నా. లెక్క సులభం: 14.58ని ఆ అక్షాంశపు సైన్‌తో గుణించడమే.

ఇక సూత్రం. భూమి సుడిని, సొంత సుడిని కూడి, వచ్చిన మొత్తాన్ని స్తంభం ఎత్తుతో భాగించండి. వచ్చేదే పొటెన్షియల్ వోర్టిసిటీ. బయటి నుంచి వేడి చేరకుండా, రాపిడి తగలకుండా ఉన్నంతవరకు ఆ స్తంభం ఎక్కడికి వెళ్లినా ఈ అంకె మారదు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన కార్ల్ గుస్తావ్ రాస్‌బీ 1940 ప్రాంతంలో దీనిని ఈ రూపంలో చెప్పాడు. 1942లో జర్మనీకి చెందిన హాన్స్ ఎర్టెల్, పొరలు పొరలుగా ఉన్న నిజమైన వాతావరణానికి సరిపోయేలా విస్తరించాడు.

ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడేటప్పుడు చూడండి. చేతులు చాచి వెనక్కి వాలి తిరిగితే నెమ్మదిగా తిరుగుతారు, దగ్గరకు లాక్కుంటే వేగం పెరుగుతుంది. గాలి స్తంభమూ అంతే. నలువైపుల నుంచి గాలి లోపలికి చేరితే స్తంభం సన్నబడి పొడుగవుతుంది, సుడి పెరుగుతుంది. పైనుంచి అణిగి పొట్టిగా, వెడల్పుగా అయితే సుడి తగ్గుతుంది.

అసలు లేనిదే వడ్డీ లేదు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. 15 డిగ్రీల దగ్గర, అంటే దాదాపు నెల్లూరుకు ఎదురుగా ఉన్న బంగాళాఖాతంలో, గాలి కదలకుండా ఉందనుకోండి. సొంత సుడి సున్నా, భూమి సుడి 3.77. ఇదే ఓపెనింగ్ బ్యాలెన్స్. అల్పపీడనం వల్ల కింది పొరలో గాలి సెకనుకు ఒక యూనిట్ చొప్పున లోపలికి చేరుతోందనుకుందాం. మొత్తం సుడి ఉన్నదాని మీదే పెరుగుతుంది కనుక ఇది అచ్చం చక్రవడ్డీ. 24 గంటల్లో మొత్తం 2.37 రెట్లవుతుంది. మొదటి రోజుకు సుమారు 9, రెండో రోజుకు 21, మూడో రోజుకు 50 యూనిట్లు. ఇందులో భూమి వాటా 3.77 మాత్రమే, మిగతాదంతా సొంత సుడి.

అదే వడ్డీ రేటు 5 డిగ్రీల దగ్గర వేసి చూడండి. 1.27తో మొదలై మూడు రోజులకు 17 అవుతుంది. భూమధ్యరేఖ మీద వేసి చూడండి. సున్నాను 2.37తో ఎన్ని రోజులు గుణించినా సున్నాయే. సముద్రం ఎంత వేడిగా ఉన్నా, అంటే వడ్డీ రేటు ఎంత ఎక్కువైనా, ఖాతాలో అసలు లేదు.

ఇది మోటు లెక్క అని ఒప్పుకోవాలి. నిజమైన తుఫానులో గాలి చేరే వేగం రోజంతా ఒకేలా ఉండదు, సముద్రం మీద రాపిడి ఉంటుంది. పైగా ఆవిరి మేఘంగా మారేటప్పుడు వెలువడే వేడి కింది పొరలలో కొత్త పొటెన్షియల్ వోర్టిసిటీని పుట్టిస్తుంది, పై పొరలలో తగ్గిస్తుంది. ఖాతా భాషలో చెప్పాలంటే వేడి, రాపిడి అనే రెండే రెండు వోచర్లతో బ్యాలెన్సు మారుతుంది. వోచర్ లేకుండా మారదు. ఈ సూత్రం విలువంతా అక్కడే ఉంది. అంకె మారిందంటే ఎక్కడో వేడో రాపిడో జరిగిందని వెతకాలి.

1964 డిసెంబరులో ధనుష్కోడిని తుడిచిపెట్టిన తుఫాను తీరం దాటింది సుమారు 9 డిగ్రీల దగ్గర. 1996 నవంబరు 6న కోనసీమను, యానాన్ని దెబ్బతీసిన తుఫాను 16, 17 డిగ్రీల మధ్య, 1999 అక్టోబరు 29నాటి ఒడిశా సూపర్ సైక్లోన్ 20 డిగ్రీల దగ్గర తీరం దాటాయి. మనవాళ్లు ఎన్నో తరాలుగా స్థిరపడిన ఈ తీరమంతా అసలు బాగా ఉన్న ప్రాంతమే.

అయితే 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర, 1.4 డిగ్రీల అక్షాంశంలోనే వామై అనే టైఫూన్ పుట్టింది. సూత్రం తప్పిందా అంటే తప్పలేదు. అక్కడ భూమి సుడి దాదాపు శూన్యమే అయినా, బోర్నియో దగ్గర ఏర్పడిన సుడి ఒకటి, దక్షిణ చైనా సముద్రం మీదుగా ఉధృతంగా వచ్చిన ఈశాన్య గాలులు కలిసి సొంత సుడిని ముందే సమకూర్చాయి. అసలు వేరే బ్రాంచి నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చిందన్నమాట. అలాంటి ట్రాన్స్‌ఫర్ చాలా అరుదు.

మరొక మాట. భూమధ్యరేఖకు అటూ ఇటూ వాష్‌బేసిన్‌లో నీళ్లు వేర్వేరు దిశల్లో తిరుగుతాయని పిల్లలకు చెబుతుంటారు. లక్షలో కొన్ని వంతుల సుడి బేసిన్‌లో కనిపించదు. కుళాయి ఎటు వాలి ఉంది, నీళ్లు ఎలా పోశాం అన్నదే అక్కడ దిశను నిర్ణయిస్తుంది.

మైనస్ బ్యాలెన్సుతో వచ్చే రుతుపవనం

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచినది నైరుతి రుతుపవనం సంగతి. జూన్ నుంచి దక్షిణ హిందూ మహాసముద్రం గాలి కెన్యా, సోమాలియా తీరాల దగ్గర భూమధ్యరేఖ దాటి, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున బలమైన ప్రవాహంగా అరేబియా సముద్రం మీదికి వస్తుంది. దీనిని ఫిండ్‌లేటర్ 1969లో వివరంగా చూపించాడు. దక్షిణార్ధగోళంలో భూమి సుడికి మైనస్ గుర్తు. అంటే ఆ గాలి మైనస్ బ్యాలెన్సుతో ఉత్తరానికి వస్తోంది. ఇక్కడ అందరివీ ప్లస్ ఖాతాలు. వోచర్ ఏదీ పడకపోతే, మైనస్ సుడి ఉన్న ఆ గాలి కుడివైపుకు వంగి వంగి తిరిగి దక్షిణానికే పోవాలి.

పోవడం లేదని మనకు తెలుసు. రాడ్‌వెల్, హాస్కిన్స్ అనే శాస్త్రవేత్తలు 1995లో దీనిని లెక్కగట్టి చూపారు. తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలలను రాసుకుంటూ పోవడంలో కలిగే రాపిడి, వర్షంలో వెలువడే వేడి కలిసి ఆ గాలి ఖాతాను సరిచేస్తున్నాయి. ఉడుపిలోనో రత్నగిరిలోనో జూన్ నెలలో పడే వానకు ఆఫ్రికా కొండల రాపిడితో ఇంత సంబంధం ఉందని నేను ఏనాడూ అనుకోలేదు.

సముద్రపు నీటికీ ఇదే పద్దు. సముద్రంలో లోతు మారకుండా 15 నుంచి 20 డిగ్రీలకు జరిగిన నీటి స్తంభానికి భూమి సుడి 3.77 నుంచి 4.99కి పెరుగుతుంది. మొత్తం మారకూడదు గనుక సొంత సుడి మైనస్ 1.22 అవుతుంది, అంటే ముల్లు తిరిగే దిశ. అలా తిరిగే నీరు తనకు పడమరనున్న నీటిని ఉత్తరానికి నెడుతుంది. ఆ నీటికీ అదే గతి, దాని పడమటి నీటికీ అదే. ఈ కదలిక నెమ్మదిగా పడమరకు సాగుతుంది. వీటినే రాస్‌బీ తరంగాలంటారు. మధ్య అక్షాంశాలలో పసిఫిక్‌ను దాటడానికి వీటికి సంవత్సరాలు పడుతుంది. 1992లో పంపిన టోపెక్స్ పొసైడన్ ఉపగ్రహం సముద్రమట్టాన్ని కొలిచాకే, 1996లో షెల్టన్, ష్లాక్స్ వీటిని మహాసముద్రాలంతటా స్పష్టంగా చూపగలిగారు. గల్ఫ్ స్ట్రీమ్ వంటి బలమైన ప్రవాహాలు మహాసముద్రాల పడమటి అంచునే ఎందుకుంటాయో 1948లో హెన్రీ స్టామెల్ చెప్పిన కారణమూ ఈ పద్దులోనిదే. ఉత్తరానికి తిరిగి వచ్చే నీటికి కావలసిన ప్లస్ సుడి పడమటి గట్టు రాపిడి నుంచే దొరుకుతుంది.

కంప్యూటరుతో వాతావరణ సూచన మొదలైంది కూడా ఇక్కడే. 1950లో అమెరికాలో చార్నీ, ఫ్యోర్టోఫ్ట్, వాన్ నాయ్‌మన్ బృందం ఎనియాక్ యంత్రం మీద, మొత్తం సుడి మారదన్న ఒక్క నియమంతో మర్నాటి వాతావరణాన్ని లెక్కగట్టింది. 24 గంటల సూచనకు దాదాపు 24 గంటలే పట్టింది! 

ఈ విషయం మీద మక్కువ కలిగినవారు ప్లస్ టూలో గణితం, ఫిజిక్సు గట్టిగా చదవండి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం, బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, పుణెలో ఉష్ణమండల వాతావరణ సంస్థ ఈ రంగంలో పేరున్నవి. కోర్సులు, అర్హతల వివరాలు ఆయా సంస్థలనే అడిగి తెలుసుకోవాలి.

చివరగా ఒక లెక్క. 20 డిగ్రీల దగ్గర 3000 మీటర్ల లోతున నిశ్చలంగా ఉన్న నీటి స్తంభం, అదే అక్షాంశంలో 2500 మీటర్ల లోతున్న సముద్రగర్భపు గట్టు మీదికి జరిగింది. దాని సొంత సుడి ఎంత, ఏ దిశలో? పైన చెప్పిన సూత్రంతో చేసి చూడండి. 4.99ని 2500తో గుణించి 3000తో భాగిస్తే 4.16, అందులోంచి 4.99 తీసివేస్తే మైనస్ 0.83 రావాలి. ముల్లు తిరిగే దిశ.