మేనల్లునికి, భైరవుని విషయమై



పదమూడేండ్లుగా నీ గడప గాచిన కుక్క భైరవునికి మూత్రపిండములు చెడినవనియు, రక్తపరీక్షలో క్రియాటినిను ప్రతి తడవయు హెచ్చుచున్నదనియు, దినము విడిచి దినము సెలైను ఎక్కించినను అన్నము ముట్టక వాంతులు చేసికొనుచున్నాడనియు, ఇంజక్షను మాట వైద్యుడే యెత్తగా నీకు నోట మాట రాలేదనియు వ్రాసితివి. పెంచిన చేతులతో చంపించుట పాపము కాదా యని యడిగితివి. నాకు తోచినది దాచక చెప్పెదను.

నాయనా, ముందుగా ఈ వ్యాధి స్వభావమును తెలిసికొనుము. ముదిమిలో క్షీణించిన మూత్రపిండము మరల కోలుకొనదు. వెలికి పోవలసిన మలినములు రక్తమున నిలిచి, వాంతియై, నోటిలో పుండ్లై, అరుచియై వానిని పీడించుచున్నవి. సెలైను ఆ మలినములను కొంత పలుచన చేయునే గాని, చెడిన యవయవమును బాగుచేయజాలదు. కావున వాడు పోవుట నీవు నిర్ణయింపవలసిన విషయము కానే కాదు. ఎంత బాధపడి పోవుననునదొక్కటే కొంతవఱకు నీ చేతిలో నున్నది.

1928 లో సబర్మతీ ఆశ్రమమున ఒక లేగదూడ తీరని వేదనతో నేలబడి, ప్రక్కకు ఒత్తిగిలుటకైనను ఓపలేక యుండగా, గాంధీమహాత్ముడు ఆశ్రమవాసులతో ఆలోచించి, తన యెదుటనే వైద్యునిచేత సూదిమందు వేయించి దానిని విముక్తము చేసెను. అహింసావ్రతుడే ఆ పని చేయించెనని దేశము కలతపడగా, ఆయన తన చర్యను దాచక పత్రికాముఖమున సమర్థించి, అట్టి పనికి నియమములనుగూడ చెప్పెను: వ్యాధి కుదురనిది కావలెను, సంబంధించిన వారందఱును ఆశ వదలుకొనియుండవలెను, ఏ సేవయు అక్కఱకు రాని స్థితి కావలెను, రోగి తన కోరికను తెలుపుటకు శక్తిలేనిది కావలెను. నీ ప్రశ్నకు ఇంతకంటె నిష్కర్షయైన సమాధానము నే నెఱుగను.

ఇందు మూడవదానిని నిదానించి పరీక్షింపుము. వాంతి నాపు మందు పనిచేసి వాడు నాలుగు ముద్దలు తినుచున్నంత కాలము, నీ బండి చప్పుడు విని తోక కదలించుచున్నంత కాలము, సేవకు ఫలమున్నది. ప్రతి రాత్రియు క్యాలెండరుపై ఆ దినము వానికి సుఖముగా గడచినదో లేదో గుర్తు పెట్టుము. నీ ప్రేమ నిన్ను మోసపుచ్చవచ్చును గనుక నీ భార్యచేతను వేఱుగా గుర్తు పెట్టింపుము. మూలుగకున్నంత మాత్రమున నొప్పి లేదనుకొనకుము. నొప్పిని దాచుకొనుట ఆ జాతి స్వభావము. మనము మ్రింగు నొప్పిమాత్రలను మాత్రము వేయవలదు. ఐబుప్రొఫెను వంటివి ఉన్న మూత్రపిండమునుగూడ చెఱచును. చెడుదినములు మంచిదినములను మించినచో ఇక జాగు చేయకుము. నీ విషయమున నేను భయపడునది తొందరపాటునకు గాదు, జాగునకే. రేపు రేపనుచుండగా ఏ అర్ధరాత్రియో మూర్ఛలు వచ్చి, వైద్యుడు దొరకక, వాడు తెల్లవాఱులు కొట్టుకొనుట నీవు చూడవలసివచ్చును.

మీ అత్తగారు ధర్మరాజు కుక్కను విడువలేదని చెప్పి నిన్ను వారించుచున్నారట. ఆమె మాట సత్యమే. ఇంద్రుడు రథమెక్కుమన్నను, నమ్మి వెంట వచ్చినదానిని విడిచి రానన్నాడాయన. ఆ ధర్మమునే నీవును పాటించి, ఆ గడియలో వానిని ఆసుపత్రి బల్లపై పరుల చేతికిచ్చి వెలుపల నిలువబడకుము. వైద్యుని ఇంటికే రప్పించి, మొదట మత్తుసూది వేసి, వాడు గాఢనిద్రలో మునిగిన పిదపనే ప్రాణము తీయు మందును నరములోనికి ఎక్కింపవలెనని ముందే స్పష్టముగా అడుగుము. స్మృతి పోయిన తరువాతనే శ్వాసయు గుండెయు ఆగును. కనులు తెఱచియే యుండవచ్చును, ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చును, మూత్రము జాఱవచ్చును. అవి బాధకు చిహ్నములు కావు, బెదరి చేయి తీయకుము.

పిల్లవానితో భైరవుని ఊరికి పంపితిమని చెప్పవలదు. ముందే తెలిపి, వానిని నిమురనిమ్ము. దినము నిశ్చయించుకొని జాబు వ్రాయుము. ముందునాటికే వచ్చి మీతో నుండెదను.

ఇట్లు,
నీ మేనమామ