'గివ్' వెనుక తోకలు

జింకు మీద సజల సల్ఫ్యూరికామ్లం పోస్తే హైడ్రోజన్ 'గివెన్ ఆఫ్' అంటుంది కెమిస్ట్రీ పుస్తకం. నిఘంటువులో 'గివ్' అంటే 'ఇచ్చు'. ఎవరు ఎవరికిచ్చినట్లు? ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి తెలుగు మీడియంలో వచ్చి, సైన్సు అర్థమై కూడా ఈ చిన్న ముక్కల దగ్గర ఆగిపోయేవాళ్ళు మనలో ఉన్నారు.

'గివ్ ఆఫ్' వెలువరించడం. 'గివ్ అప్' మానుకోవడం. 'గివ్ ఇన్' లొంగిపోవడం. 'గివ్ అవే' ఊరికే ఇచ్చెయ్యడం, గుట్టు బయటపెట్టడం కూడా.

మిత్రులారా, ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మాధవరంలో సేద్యం చేసుకునే మా నాయన బడి ముఖం చూడలేదు. అయినా నిలబడు, ఎగబడు, తెగబడు, కలబడు అనే మాటల్ని ఒకదానికొకటి వాడడు. అన్నిటిలోనూ 'పడు' ఉంది, కిందపడ్డవాడు మాత్రం ఒక్కడూ లేడు! మనకు అర్థం తిప్పే ముక్క ముందొస్తుంది, ఇంగ్లీషులో వెనుకొస్తుంది. కనుక 'గివ్ ఆఫ్'ను ఒకే మాటగా, వాక్యంతో సహా పట్టుకోవాలి. జాబితాలు బట్టీపడితే పరీక్షదాకా కూడా నిలవవు.

ఒక చిక్కుంది. సర్వనామం వస్తే జంట విడిపోతుంది. 'గివ్ అప్ స్మోకింగ్' సరే, 'గివ్ అప్ ఇట్' తప్పు. 'గివ్ ఇట్ అప్' అనాలి. 'గివ్ ఇన్'కు కర్మే లేదు. ఎవరికి లొంగామో చెప్పాలంటే పక్కన 'టు' చేర్చాలి.