కాక్‌పిట్‌లో ఇంగ్లీషు, కారిడార్‌లో జర్మన్
ప్రశ్నలు - జవాబులు

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ విమాన సంస్థల్లో పైలట్ కొలువు గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. పేర్లు తీసేశాం.

ప్రశ్న: మాది విజయవాడ. బేగంపేటలో శిక్షణ పొంది డీజీసీఏ కమర్షియల్ లైసెన్స్ తీసుకున్నాను. చేతిలో 210 ఫ్లయింగ్ గంటలున్నాయి. ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. మా ఆవిడకు మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డ్ వచ్చింది. నేనూ వెళ్తున్నాను. ముందు జర్మన్ నేర్చుకోవాలా, లైసెన్స్ మార్పించుకోవాలా?

జవాబు: రెండూ కాదు. ముందు మెడికల్ చేయించుకోండి. మన డీజీసీఏ క్లాస్ 1 మెడికల్ ఐరోపాలో చెల్లదు. అక్కడి గుర్తింపు పొందిన ఏరోమెడికల్ కేంద్రంలో మళ్లీ మొదటి నుంచీ కళ్లు, చెవులు, గుండె, రక్తం అన్నీ చూస్తారు. కొన్ని వందల యూరోలతో తేలిపోయే పని ఇది. చాలామంది వేల యూరోలు కట్టి గ్రౌండ్ క్లాసుల్లో చేరాక ఈ పరీక్షకు వెళ్తారు. ఏదైనా లోపం బయటపడితే కట్టినదంతా పోయినట్టే.

మెడికల్ చేతికొచ్చాక లైసెన్స్. ఇక్కడ ‘మార్పించుకోవడం’ అనే మాటే మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగ్ లైసెన్సుకు చిరునామా మార్పించుకున్నట్టు ఉండదు. ఐరోపా విమాన భద్రతా సంస్థ ఈయాసా నియమాల ప్రకారం మీరు ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్స్) థియరీ 13 పేపర్లూ రాయాలి. ప్రతి పేపర్‌లో 75 శాతం రావాలి. మొదటి పేపర్ రాసిన నెల ముగిసినప్పటి నుంచి 18 నెలల్లో అన్నీ పూర్తి చేయాలి. ఒక్కో పేపర్‌కు నాలుగు అవకాశాలే. మన దగ్గర నావిగేషన్, మెటీరియాలజీ, రెగ్యులేషన్స్ ఒకసారి చదివేశారు కాబట్టి తేలిక అనుకోకండి. ప్రశ్నల తీరు వేరు, లోతు కూడా వేరు. ఆ తర్వాత రెండింజన్ల విమానంపై ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, స్కిల్ టెస్ట్, ఇద్దరు పైలట్లు కలిసి పనిచేయడం నేర్పే ఎంసీసీ కోర్సు, విమానం అదుపు తప్పితే తిరిగి నిలబెట్టే అడ్వాన్స్‌డ్ యూపీఆర్‌టీ ఉంటాయి.

ఈ పరీక్షలు జర్మనీలోనే రాయాలని లేదు. ఐరోపా యూనియన్‌లోని 27 దేశాలు, వాటితో పాటు స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్, వీటిలో ఏ దేశం ఇచ్చిన లైసెన్సైనా మిగతా అన్నిచోట్లా చెల్లుతుంది. ఆస్ట్రియా సంస్థ ఆస్ట్రో కంట్రోల్ దగ్గర ఇంగ్లీషులో రాసే విదేశీయులు చాలామందే ఉన్నారు. బ్రిటన్ లైసెన్స్ మాత్రం వద్దు. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి 1 నుంచి, అది ఈ కుటుంబంలో లేదు. లండన్‌లో ఉన్న బంధువులు పాత రోజుల ధ్యాసలో సలహా ఇస్తారు, జాగ్రత్త.

స్కిల్ టెస్ట్‌ను చివరిదాకా వాయిదా వేయండి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదే చెల్లుతుంది. ఉద్యోగాల సందడి లేనప్పుడు తొందరపడి తీసుకుంటే ఏటా డబ్బు పెట్టి నిలబెట్టుకోవాలి. ఆ 13 పేపర్లకు చదువుకునే కాలంలోనే జర్మన్ నేర్చుకోండి. హైదరాబాద్‌లో గోథె సెంట్రం ఉంది, బయల్దేరేలోగా ఏ1, ఏ2 స్థాయిలు అయిపోతే మ్యూనిక్‌లో దిగిన రోజు నుంచే వాడుక మొదలవుతుంది. ఇంట్లో మీ ఆవిడతో తెలుగు, ఆఫీసు స్నేహితులతో ఇంగ్లీషు అంటూ గడిపేస్తే అయిదేళ్లయినా బేకరీలో రొట్టె అడిగే జర్మన్ దగ్గరే ఆగిపోతారు.

ఇక పని చేసే హక్కు. బ్లూ కార్డ్ ఉన్నవారి భార్యకో భర్తకో జర్మనీలో ఏ ఉద్యోగమైనా చేసుకునే అనుమతి వస్తుంది. ఇది మీ చేతిలోని అతి పెద్ద బలం. కానీ అది జర్మనీ గీత దాటదు. జ్యూరిక్‌లో స్విస్, వియన్నాలో ఆస్ట్రియన్ విమాన సంస్థలు మిమ్మల్ని తీసుకోవాలంటే ఆ దేశాల అనుమతి వేరే కావాలి. పైగా చాలా ప్రకటనల్లో ‘ఐరోపా యూనియన్ అంతటా పనిచేసే హక్కు’, ‘అడ్డంకి లేకుండా ప్రపంచమంతా తిరగగల పాస్‌పోర్ట్’ అని రాస్తారు. భారత పాస్‌పోర్ట్‌తో రెండోది కష్టమైన షరతు. దరఖాస్తు పెట్టకముందే ఆ సంస్థ నియామక విభాగానికి మీ వీసా రకం రాసి అడగండి. జర్మన్ పౌరసత్వానికి ఇప్పుడు సాధారణంగా అయిదేళ్ల నివాసం, బీ1 స్థాయి భాష అడుగుతున్నారు. అది తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, విదేశీ భారతీయ పౌరులకిచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి. ఆ నిర్ణయం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సింది, నేను చెప్పేది కాదు.

ఒక చిన్న పని మాత్రం ఇండియాలో ఉండగానే చేసుకోండి. జర్మనీలో పైలట్లకు విమాన భద్రతా చట్టం కింద నేపథ్య విచారణ ఉంటుంది. మీరు ఉన్న దేశాల పోలీసు సర్టిఫికెట్లు అడగవచ్చు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఇచ్చే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ)కి ఎంత సమయం పడుతుందో, ఏ చిరునామాలకు వస్తుందో ఇప్పుడే చూసుకోండి. డీజీసీఏ నుంచి లైసెన్స్ ధ్రువీకరణ కూడా కావాలి. లాగ్‌బుక్‌లో కొట్టివేతలు, సంతకం లేని పేజీలు ఉంటే శిక్షణ ఇచ్చిన చోటికి వెళ్లి సరిచేయించుకోండి. అక్కడి అధికారికి మీ గంటలు కాదు, ఆ గంటలకు ఉన్న రుజువు కావాలి.

210 గంటలతో నేరుగా పెద్ద సంస్థలో కో-పైలట్ కుడి సీటు దొరకడం అరుదు. జర్మన్ సంస్థలు కొత్తవాళ్లను ఎక్కువగా తమ సొంత శిక్షణ కేంద్రాల నుంచే తీసుకుంటాయి. అందుకని చార్టర్ విమానాలు, సరుకు రవాణా విమానాలు, ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ పని, వీటిని చిన్నతనంగా చూడకండి.

ప్రశ్న: విమానంలో అంతా ఇంగ్లీషే కదా. మళ్లీ జర్మన్ ఎందుకు అడుగుతారు? స్థానికులకే ఇచ్చుకోవడానికి సాకా?

జవాబు: సాకు కాదు. రేడియోలో ఇంగ్లీషు, చెక్‌లిస్టుల్లో ఇంగ్లీషు, మాన్యువల్ ఇంగ్లీషు. అంతవరకు మీరన్నది నిజం. కానీ ప్యాసింజర్‌కు గుండెపోటు వచ్చిందని వెనక నుంచి చెప్పే పర్సర్, ఇంధనం నింపే మనిషి, ఆలస్యమైందని విసుక్కుంటున్న 180 మంది ప్రయాణికులు, సిమ్యులేటర్ అయ్యాక తప్పొప్పులు చెప్పే ఇన్‌స్ట్రక్టర్, డ్యూటీ మార్చే రోస్టర్ విభాగం, వీళ్లంతా ఏ భాషలో ఉంటే ఆ భాషే ఉద్యోగం. ఎంత స్థాయి కావాలన్నది సంస్థను బట్టి మారుతుంది, ప్రకటన చదవండి. భాష అసలు అడ్డుకాని చోట్లూ ఉన్నాయి. వియన్నాలో నమోదైన ఈజీజెట్ యూరప్, వియన్నా నుంచి ఎగిరే ర్యాన్ఎయిర్ కుటుంబంలోని లౌడా యూరప్ లాంటివి ఇంగ్లీషుతోనే నడుస్తాయి. పని చేసే హక్కు మాత్రం అక్కడా కావాలి.

ప్రశ్న: మాది కరీంనగర్. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రాశాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 90 లక్షలు కడితే జర్మనీలో శిక్షణ ఇప్పించి, పెద్ద సంస్థలో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాలుగెకరాలు అమ్మాలి. అమ్మమంటారా?

జవాబు: అమ్మకండి. పైలట్ ఉద్యోగానికి గ్యారంటీ ఇవ్వగలిగిన కన్సల్టెన్సీ భూమ్మీద లేదు. లుఫ్తాన్సాకు బ్రెమెన్‌లో 1956 నుంచి సొంత స్కూల్ ఉంది, అక్కడికి దారి పోటీ పరీక్షల గుండానే, కమీషన్ గుండా కాదు. వాళ్లను మూడే అడగండి: శిక్షణ ఇచ్చే స్కూల్‌కు ఈయాసా నియమాల కింద ఏ దేశం ఆమోదం ఇచ్చింది? డబ్బు కన్సల్టెన్సీకి కాకుండా స్కూల్‌కే విడతలుగా కట్టవచ్చా? స్కూల్ మూతపడితే కట్టినది తిరిగొస్తుందని కాగితంపై రాసిస్తారా? రెండో ప్రశ్న దగ్గరే మాట మారిపోతుంది చూడండి. బాబుకు నిజంగా ఆసక్తి ఉంటే ముందు ఇక్కడ డీజీసీఏ క్లాస్ 2 మెడికల్ చేయించి, పొలం జోలికి వెళ్లకుండా డిగ్రీలో చేర్పించండి. 22 ఏళ్లకు మొదలుపెట్టినా ఈ వృత్తిలో ఆలస్యం కాదు.

ప్రశ్న: నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెరిగాను. జర్మన్ పాస్‌పోర్ట్ ఉంది. స్పెయిన్‌లో ఈయాసా లైసెన్స్ తీసుకున్నాను. ఒక సంస్థ నుంచి ఎంపిక పరీక్షకు పిలుపొచ్చింది, హాంబర్గ్‌లో డీఎల్‌ఆర్ దగ్గర. ఎలా తయారవ్వాలి? ఆడపిల్లనని వేరేగా ఏమైనా అడుగుతారా?

జవాబు: శుభాకాంక్షలమ్మా. కాగితాల గొడవ మీకు లేదు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. డీఎల్‌ఆర్ అంటే జర్మన్ అంతరిక్ష, విమాన పరిశోధన కేంద్రం. దాని హాంబర్గ్ విభాగం దశాబ్దాలుగా పైలట్లను ఎంపిక చేస్తోంది. మొదటి విడతలో కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు: కాగితం లేకుండా మనసులో లెక్కలు, విన్న అంకెలను గుర్తుపెట్టుకోవడం, ఏకాగ్రత, దిక్కులు తిప్పి చూపిస్తే పోల్చుకోవడం, ఫిజిక్స్, ఇంగ్లీషు. తెలివి కన్నా అలవాటు ఎక్కువ పనిచేసే పరీక్షలివి. రోజూ ఒక గంట చొప్పున కొన్ని వారాలు సాధన చేయాలి, ముందురోజు రాత్రంతా మేల్కొని చదివి లాభం లేదు. తప్పితే మళ్లీ రాయనిస్తారా లేదా అన్నది తేదీ ఖాయం చేసుకోకముందే అడగండి. సిద్ధంగా లేకపోతే తేదీ వెనక్కి జరపమనడం అవమానం కాదు.

రెండో విడత మనుషులతో. గుంపుగా ఒక సమస్య ఇస్తారు. ఎవరు గెలిచారని కాదు, ఎదుటివాడి మాట పూర్తిగా విన్నారా, మీ అభిప్రాయం చెప్పారా, తప్పని తేలితే వదులుకున్నారా అని చూస్తారు. తర్వాత సైకాలజిస్టులు, కెప్టెన్లు కలిసి చేసే ఇంటర్వ్యూ. ‘మీ బలహీనత ఏమిటి’ అంటే ‘నేను మరీ కష్టపడతాను’ అని చెప్పకండి, వాళ్లు అది వేలసార్లు విన్నారు. శిక్షణలో ఏ చెక్‌లో తప్పారు, ఎందుకు తప్పారు, తర్వాత ఏం మార్చుకున్నారు, ఈ మూడూ పొడిగా చెప్పండి. దాచిన ఫెయిల్యూర్ తర్వాత ఫైల్‌లో బయటపడితే అదే ప్రమాదం.

మన ఇళ్లలో పెరిగినవాళ్లు తడబడే ప్రశ్న ఒకటుంది: కెప్టెన్ తప్పు చేస్తుంటే ఏం చేస్తారు? ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెరిగినా ఇంట్లో పెద్దవాళ్లకు ఎదురుచెప్పకూడదనే నేర్పి ఉంటారు. 2000 జనవరి 10 సాయంత్రం జ్యూరిక్ నుంచి డ్రెస్డెన్ బయల్దేరిన క్రాస్ఎయిర్ 498 విమానం గురించి చదవండి. ఎడమకు తిరగమంటే, టేకాఫ్ అయిన కొద్దిసేపట్లోనే ఆ సాబ్ 340 కుడికి ఒరుగుతూ నీడర్‌హాస్లి దగ్గర పడిపోయింది. పది మందీ చనిపోయారు. కెప్టెన్ దిశాజ్ఞానం కోల్పోయాడని, కో-పైలట్ దాన్ని ఆపడానికి చేసిన ప్రయత్నం చాలలేదని విచారణ తేల్చింది. కాబట్టి ఆ ప్రశ్నకు ‘గౌరవంగా సూచిస్తాను’ దగ్గర ఆగిపోకండి. మొదట ఏం చెబుతారు, వినకపోతే ఇంకెంత గట్టిగా చెబుతారు, ఎప్పుడు కంట్రోల్స్ తీసుకుంటారు, మెట్లు మెట్లుగా చెప్పండి.

మానసిక ఆరోగ్యం గురించి అడిగితే కంగారు వద్దు. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525లో కో-పైలట్ కావాలనే విమానాన్ని కూల్చడంతో 150 మంది చనిపోయాక ఐరోపాలో నియమాలు మారాయి. ఇప్పుడు పైలట్‌ను ప్రయాణికుల విమానం ఎక్కించేముందు సంస్థ మానసిక మదింపు చేయించాలి, ఇబ్బందుల్లో ఉన్న సిబ్బందికి తోటి పైలట్ల సహాయ బృందం అందుబాటులో ఉంచాలి. నిద్ర పట్టని రోజులున్నాయా, ఎవరితో చెప్పుకుంటారు అని అడిగితే, ఉన్నది చెప్పడమే మంచిది.

ఆడపిల్లనని? పిల్లలను ఎప్పుడు కంటారన్న ప్రశ్న జర్మనీలో అడగకూడనిది. అడిగినా జవాబు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: హైదరాబాద్ బేస్‌లో ఏ320 ఫస్ట్ ఆఫీసర్‌ని. 2,800 గంటలు. నాకైనా ఆ 13 పేపర్ల నుంచి మినహాయింపు ఉంటుందా?

జవాబు: ఉండదు. మీ అనుభవం చూసి శిక్షణ సంస్థ క్లాసుల గంటలు తగ్గించవచ్చు, పరీక్షలు మాత్రం తప్పవు. అయితే అవి దాటాక మీ 2,800 గంటలు, ఏ320 టైప్ అనుభవం గట్టిగా పనిచేస్తాయి, ఆ విజయవాడ సోదరుడి కన్నా మీరు చాలా ముందున్నారు. రెండు విషయాలు గుర్తుంచుకోండి. డీజీసీఏ 2017 నియమం ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ నోటీసు 6 నెలలు, కమాండర్‌కు ఏడాది. జర్మన్ సంస్థ ‘ఎప్పుడు చేరతారు’ అని అడిగితే ఆ లెక్కతోనే చెప్పండి. ఇక సీనియారిటీ: అక్కడి పెద్ద సంస్థల్లో చేరిన తేదీతో మీ స్థానం మొదలవుతుంది. ఇక్కడ కమాండ్ దగ్గర పడి ఉంటే, కెప్టెన్ నాలుగో గీత భుజానికెక్కాక వెళ్లడం గురించి కూడా ఆలోచించండి. కమాండర్‌గా ఎగిరిన గంటలను వేరుగా అడిగే ప్రకటనలు వస్తుంటాయి.

ప్రశ్న: కళ్లద్దాలుంటే తీసుకుంటారా?

జవాబు: తీసుకుంటారు. అద్దాలతో చూపు సరిపోతే, పవర్ పరిమితిలో ఉంటే చాలు. ఎగిరేటప్పుడు ఇంకో జత జేబులోనో సంచిలోనో ఉండాలి. రంగులు గుర్తించే పరీక్ష మాత్రం ముందుగా ఊళ్లోనే ఒక కంటి డాక్టర్ దగ్గర చేయించుకోండి.