షేపరు యంత్రము: నెలకొల్పుట, నడుపుటలో జాగ్రత్తలు

భద్రాచలము, బూర్గంపాడు, పాల్వంచ, అశ్వారావుపేట ప్రాంతములలో జామాయిలు, సుబాబుల్ తోటలు వేసిన రైతులకు ముఖ్యముగా తెలిసిన బేరము ఒకటే. చెట్టు నరికి, బెరడు తీసి, టన్నుల లెక్కన కాగితపు మిల్లుకు తోలుట. సారపాకలోని మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టినది. 1989లో జామాయిలు క్లోనుల పని చేపట్టినది. ఆ తరువాత ఈ ప్రాంతపు మెట్టభూముల రూపమే మారినది. గట్ల మీద పెంచిన టేకు సంగతి వేరు. చేవ పట్టిన టేకును దూలముగా అమ్ముకొనుటకన్న ద్వారబంధములు, కిటికీలు, తలుపులు చేయించి అమ్మిన నాలుగు రూకలు ఎక్కువ వచ్చునని రైతుకు తోచుట సహజము. అట్టి ఆలోచన గలవారు రంపపు యంత్రము, చిత్రిక యంత్రము కొన్న పిమ్మట మూడవదిగా చూచునది షేపరు యంత్రము.

పంటల పాఠములు చెప్పువానికి వడ్రంగపు యంత్రముతో పని ఏమని మీరు అడుగవచ్చును. గట్టు మీది టేకు కూడ పంటయే. పంట ఇంటికి చేరిన తరువాతి పనులలో చేతులు పోగొట్టుకొనుట రైతులకు క్రొత్త విషయము కాదు. నూర్పిడి యంత్రముల వంటివాటి నుండి పనివారిని కాపాడుటకు 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేయవలసివచ్చినది. షేపరు నూర్పిడి యంత్రముకన్న చిన్నది, చూచుటకు సాధువైనది. అందుచేతనే దానిని గూర్చి వివరముగా చెప్పవలసియున్నది.

యంత్రము ఎట్లుండును

ఇనుప పనివారి కొట్లలో ఇనుమును చెక్కు షేపరు వేరు, ఇది వేరు. దీనికి నున్నని ఇనుప బల్ల యుండును. బల్ల నడుమ రంధ్రములోనుండి నిలువుగా ఒక ఇరుసు పైకి వచ్చును. దీనినే స్పిండిలు అందురు. స్పిండిలుకు కత్తులు గల కట్టరును బిగింతురు. మోటారు బల్ల క్రింద నుండును. కట్టరు వెనుక ప్రక్క గైడు పలక నిలిపి, చెక్కను దాని కానించి త్రోసినచో ద్వారబంధమునకు మెట్టు గాడి, తలుపు పలకకు నాలుక, కిటికీ అంచునకు నగిషీ వచ్చును. చేతి చిత్రికతో పూట పట్టు పని కొన్ని నిమిషములలో ముగియును.

కత్తి నిమిషమునకు వేల చుట్లు తిరుగును గనుక కంటికి కత్తిగా కనబడదు, మబ్బువలె కనబడును. ట్యూబు లైటు క్రింద ఒక్కొక్కప్పుడు నిలిచియున్నట్లే కనబడును. కావున యంత్రము వద్ద ట్యూబు లైటు ఒక్కటే పెట్టరాదు.

స్పిండిలు ఏ దిక్కున తిరుగుచున్నది?

ఈ వ్యాసములో మీరు ఒక్క విషయమే గుర్తుంచుకొనదలచినచో ఇది గుర్తుంచుకొనుడు. పై నుండి చూచినప్పుడు స్పిండిలు సాధారణముగా గడియారపు ముల్లుకు ఎదురు దిక్కున తిరుగును. అప్పుడు మీ వైపునున్న కత్తి అంచు ఎడమనుండి కుడికి పోవుచుండును. చెక్కను మీరు కుడినుండి ఎడమకు త్రోయుదురు. అనగా చెక్క కత్తికి ఎదురుగా పోవలెను. కత్తి చెక్కను వెనుకకు నెట్టును, మీరు ముందుకు నెట్టుదురు, పని మీ అదుపులో నుండును. కత్తి, చెక్క ఒకే దిక్కున పోయినచో కత్తి చెక్కను లాగికొనును. దానిని పట్టియున్న చేయి కూడ వెంట పోవును. చేయి వెనుకకు తీయుటకు కావలసినంత సమయము మనిషికి దొరకదు.

ఎవరైనను తెలిసి తెలిసి ఆ దిక్కున త్రోయుదురా? త్రోయరు. కాని మూడు ఫేజుల మోటారునకు ఒక గుణము కలదు. మూడు తీగలలో ఏ రెండు తారుమారైనను అది వెనుకకు తిరుగును. ట్రాన్స్‌ఫార్మరు కాలి మార్చినప్పుడు, గాలివానకు తెగిన తీగలు మరల కలిపినప్పుడు, మోటారు చుట్టించి తెచ్చినప్పుడు ఇట్లు జరుగుట మీకు బావి మోటార్ల వలన తెలిసినదే. బావి మోటారు వెనుకకు తిరిగినచో నీరు సన్నగా వచ్చును, మీరు తీగలు మార్చుకొందురు, నష్టము లేదు. షేపరు వెనుకకు తిరిగినప్పుడు ముందుగా తెలియజేయు గుర్తు ఏదియు ఉండదు. నిన్నటి అలవాటుతో నేడు చెక్క త్రోసినవాడే తెలిసికొనును. కొన్ని యంత్రములలో వెనుక తిరుగుడునకు స్పిండిలు పై నట్టు వదులగుట కూడ కలదు.

కావున బల్ల మీద ఎఱ్ఱ రంగుతో బాణపు గుర్తు వేయించుడు. ప్రతి ఉదయము, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి, కట్టరు బిగింపకముందే స్టార్టరు నొక్కి వెంటనే ఆపి, స్పిండిలు ఆగుచుండగా అది ఏ ప్రక్కకు తిరుగుచున్నదో బాణముతో సరిచూడవలెను. ఫేజుల క్రమము తప్పినచో మోటారును నడువనీయని రిలేలు బజారులో దొరకును. యంత్రపు ఖరీదు ముందర దాని ఖరీదు లెక్కలోనిది కాదు. ముందుకు, వెనుకకు రెండు విధముల తిప్పు మీట గల యంత్రములు కూడ వచ్చుచున్నవి. ఆ మీట అవసరము తెలియనివారు దానిని ఒక ప్రక్కకు త్రిప్పి కదలకుండ బిగించివేయుట మంచిది.

ఆటో స్టార్టరు వద్దు

2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. ఆ రోజులలో బోర్లకున్న ఆటో స్టార్టర్లను తీసివేయవలసినదిగా విద్యుత్తు సంస్థలు రైతులను పదేపదే కోరినవి. అట్లు తీసిన స్టార్టరు ఇంటిలో ఊరక పడియున్నదని షేపరునకు తగిలింపరాదు. కరెంటు పోయినప్పుడు కట్టరు మార్చుచున్న మనిషి చేయి కత్తి మీదనే యుండును. కరెంటు రాగానే ఆటో స్టార్టరు అతనిని అడుగదు. షేపరునకు కావలసినది కరెంటు పోయిన వెంటనే తనంతట తాను విడిపోయి, మనిషి మరల నొక్కిననేగాని మొదలుకాని స్టార్టరు. ఆపు మీట ఎఱ్ఱగా, పెద్దదిగా, మోకాలితోనైనను నొక్కుటకు వీలైన ఎత్తున నుండవలెను. కట్టరు ముట్టుకొనుటకు ముందు ఫ్యూజులు తీసి జేబులో వేసికొనవలెను.

బోరునకిచ్చిన వ్యవసాయపు సర్వీసు నుండి వడ్రంగపు యంత్రమునకు తీగ లాగుట 2003 నాటి విద్యుత్తు చట్టము ప్రకారము అనధికార వాడకమగును. వేరు సర్వీసు తీసికొనవలెను, ఎర్తు చక్కగా వేయించవలెను. వోల్టేజి పడి స్పిండిలు మందగించినప్పుడు పని ఆపవలెను. మందముగా తిరుగు కత్తి కోయుటకు బదులు చెక్కను పట్టి గుంజును.

కట్టరు, వేగము

పాత యంత్రములలో గాడులు గల రెండు బిళ్ళల నడుమ రెండు విడి కత్తులను నొక్కి బిగింతురు. ఒక కత్తి ఇంకొకదానికన్న ఏమాత్రము పలుచనైనను అది నడుమ ఎగిరిపోవును. ఇట్టివి తక్కువ ధరకు దొరకినను కొనరాదు. ఒకే దిమ్మగా నుండి, కత్తి ఎంత ముందుకు వచ్చునో అంతమాత్రమే వచ్చునట్లు చేసిన కట్టర్లు కొనవలెను. వీటిలో కత్తి దిమ్మ అంచును దాటి సుమారు 1.1 మిల్లీమీటరు మాత్రమే పైకి వచ్చును గనుక ఒక దెబ్బకు లోతుగా కొరుకలేదు. ఐరోపాలో చేతితో త్రోయు పనికి తగిన కట్టర్ల మీద ‘మాన్’ అను అక్షరములు చెక్కుదురు. వాటి మీదనే గరిష్ఠ వేగము కూడ చెక్కబడియుండును. ఆ అంకె లేని కట్టరును నమ్మరాదు.

వేగము లెక్క కష్టమైనది కాదు. నిమిషమునకు 2880 చుట్లు తిరుగు మోటారునకు 200 మిల్లీమీటర్ల కప్పీ, స్పిండిలుకు 80 మిల్లీమీటర్ల కప్పీ యున్నచో స్పిండిలు 7200 చుట్లు తిరుగును. కట్టరు వ్యాసమును మీటర్లలో తీసికొని, 3.14తోను, చుట్లతోను హెచ్చవేసి, 60తో భాగింపగా కత్తి అంచు సెకనుకు ఎన్ని మీటర్లు పోవునో వచ్చును. పై యంత్రములో 120 మిల్లీమీటర్ల కట్టరు అంచు సెకనుకు 45 మీటర్లు, 160 మిల్లీమీటర్లది 60 మీటర్లు పోవును. 200 మిల్లీమీటర్లది పెట్టినచో 75 దాటును. చేతితో త్రోయు పనికి 40 మొదలు 70 మీటర్ల వరకు ఉండవలెను. 40కి తగ్గినచో ఎదురు తన్ను హెచ్చును, 70 దాటినచో కట్టరే పగులు భయమున్నది. పెద్ద కట్టరు పెట్టినప్పుడు బెల్టును చిన్న వేగపు కప్పీకి మార్చుట మరువరాదు.

బిగించిన పిమ్మట పానా తీసి ప్రక్కన పెట్టి, కట్టరును చేతితో పూర్తిగా ఒక చుట్టు త్రిప్పి, దేనికిని తగులుట లేదని చూచి, అప్పుడు మాత్రమే ఫ్యూజులు పెట్టవలెను.

చెక్కను ఆనించుట, త్రోయుట

గైడు పలక రెండు ముక్కలుగా నుండును. రెంటి మధ్య ఖాళీ ఎంత తక్కువైన అంత మేలు. రెంటికి ముందు ఒక నిలువు పలక బిగించి, తిరుగుచున్న కట్టరు మీదికి దానిని మెల్లగా జరిపినచో కత్తికి సరిపడు రంధ్రము దానంతట అదే ఏర్పడును. అప్పుడు చెక్క మొన లోపలికి దూరి చిక్కుకొనదు. గాడి మాత్రమే తీయునప్పుడు రెండు పలకలు ఒకే గీతలో నుండవలెను. అంచు మొత్తము తీయునప్పుడు ఎడమ పలకను తీసిన మందము మేరకు ముందుకు జరుపవలెను.

సాధ్యమైనంతవరకు కత్తి చెక్కకు అడుగున కోయునట్లు అమర్చుడు. అప్పుడు చెక్కయే చేతికి మూతయగును. మిగిలిన కత్తికి గార్డు తప్పదు. చెక్కను పై నుండి, ప్రక్క నుండి నొక్కుటకు దువ్వెన పండ్లవలె కోసిన పలకలను బల్లకు బిగింపవలెను. చేయి కట్టరునకు దగ్గరగు చోట తోపుడు కర్ర వాడవలెను. ఒకే దెబ్బలో లోతు గాడి తీయుట కన్న రెండు మూడు సార్లుగా తీయుట మేలు. చెక్క వెనుక కొనకు సూటిగా నిలువరాదు. ఎదురు తన్ను వచ్చినప్పుడు చెక్క ఆ గీతలోనే పోవును.

300 మిల్లీమీటర్లకు తక్కువ ముక్కను విడిగా త్రోయరాదు. పొడవు చెక్కకే నగిషీ తీసి, తరువాత ముక్కలు కోసికొనవలెను. అడ్డు కొనలకు గాడి తీయునప్పుడు వెనుక వేరొక చెక్కను ఆసరా పెట్టి, అడ్డు కొనలు ముందు, పొడవు అంచులు వెనుక తీయవలెను. లేనిచో మూలలు పెచ్చులూడును. వంపు పనికి గైడు పలక పనికిరాదు. అందుకు కట్టరునకు బేరింగు, బల్ల మీద ఆనుడు మేకు, చెక్కను పట్టు మూస, కట్టరు చుట్టు గుండ్రని కవచము, ఈ నాలుగును ఉండవలెను. క్రొత్తవారు మొదటి ఏడాది వంపు పని ముట్టకుండుటయే మంచిదని నా అభిప్రాయము.

మన కలప తీరు

జామాయిలు మాను పెరుగునప్పుడే లోపల బిగువు పెంచుకొనును. నరికిన వెంటనే కొనలు పగులుట అందువలననే. దానిని కోసిన పలక వంగును, మెలి తిరుగును. వంగిన పలక బల్ల మీద ఊగును, ఊగిన పలక కత్తి మీద ఎగురును. కావున చెక్కను నీడలో, పలకల నడుమ సన్న కర్రలు పెట్టి ఆరవేసి, చిత్రిక యంత్రముతో రెండు ముఖములు సరి చేసిన పిమ్మటనే షేపరునకు తేవలెను. తేమ నూటికి 12 పాళ్ళకు దగ్గరగా నుండుట మంచిది. వానకాలములో గోదావరి ప్రక్క గ్రామములలో ఇది కుదురుట కష్టము. ఆ నెలలలో క్రొత్త పని పట్టకున్నను నష్టము లేదు. టేకులో ఇసుక వంటి సిలికా యుండును గనుక కత్తులు త్వరగా మొద్దుబారును. ముడులు గల భాగమును, నార మెలికపడిన భాగమును ముందే ఏరి తీసివేయవలెను.

చెక్క పొడి తక్కువ శత్రువు కాదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో దానిని మనుష్యులకు క్యాన్సరు కలిగించువాటిలో చేర్చినది. ముఖ్యముగా ముక్కు లోపలి క్యాన్సరు. కావున పొడి లాగు గొట్టము, ముక్కునకు మంచి మాస్కు, చెవులకు మూతలు, కండ్లకు అద్దములు కావలెను. చేతి తొడుగులు మాత్రము వద్దు. కత్తి తొడుగు నూలును పట్టినచో చేయి మొత్తము పోవును. భుజము మీది కండువా, చేతి కడియము, గాజులు, వ్రేలాడు చీర కొంగు, అన్నియు యంత్రపు గదికి బయట నుండవలెను.

అడవి అంచున నుండువారు ఇంకొకటి చూచుకొనవలెను. 1996 డిసెంబరు 12న సుప్రీముకోర్టు, కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండ అడవులలో రంపపు మిల్లులతో సహా అటవీయేతర పనులు జరుగరాదని ఉత్తరువు చేసినది. యంత్రము ఎక్కడ పెట్టవలెను, ఏ అనుమతి కావలెను, సొంత పొలపు టేకునైనను నరికి తరలించుటకు ఏ కాగితములు కావలెను అనునవి బయానా ఇచ్చుటకు ముందే అటవీ రేంజి కార్యాలయములో అడిగి వ్రాయించుకొనవలెను.

గాయమైనచో యంత్రము ఆపి, శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమి, చేతిని గుండెకన్న ఎత్తున పట్టవలెను. పసుపు, కాఫీ పొడి, సున్నము అద్దరాదు. వ్రేలు తెగి పడినచో దానిని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో మూతి కట్టి, ఆ సంచిని మంచు ముక్కలు వేసిన నీటిలో నుంచవలెను. వ్రేలికి మంచు నేరుగా తగులరాదు. తెగిన వ్రేలిని అతుకు పెద్ద ఆసుపత్రులు హైదరాబాదులో నున్నవి. భద్రాచలము నుండి అది సుమారు 300 కిలోమీటర్లు. దారిలో గడచు ప్రతి గంట వ్రేలికి నష్టమే గనుక 108కి ఫోను చేయుట, మంచు తెచ్చుట, వాహనము వెంట పోవుట ఎవరెవరి పనియో యంత్రము బిగించిన నాడే ఇంటిలో నిర్ణయించుకొని, ఆ పేర్లను స్టార్టరు పెట్టె ప్రక్క గోడ మీద వ్రాసిపెట్టవలెను.