చేతినిండా పని, ఎత్తున పడక: ఆశ్రయ కేంద్రాల్లో చింపాంజీల దినచర్య

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో న్గాంబా అనే చిన్న దీవి ఉంది. ఉగాండాలోని ఎంటెబ్బే పట్టణం నుంచి పడవలో సుమారు 23 కిలోమీటర్లు వెళితే అక్కడికి చేరుకోవచ్చు. దాదాపు 100 ఎకరాల ఆ దీవిలో ఎక్కువ భాగం అడవే. 1998 నుంచి అది తల్లులను పోగొట్టుకున్న చింపాంజీలకు ఆశ్రయ కేంద్రంగా ఉంది. ఇప్పుడు అక్కడ 50 దాకా చింపాంజీలు ఉన్నాయి. చింపాంజీలకు ఈత రాదు కాబట్టి మూడు వైపులా సరస్సు నీరే వాటికి హద్దు. సిబ్బంది ఉండే చిన్న భాగాన్ని మాత్రం విద్యుత్ కంచె వేరు చేస్తుంది.

వేటగాళ్ల చేతుల్లోంచి తెచ్చిన జంతువుకు వేళకింత తిండి, ఉండటానికింత చోటు, జబ్బు చేస్తే మందు ఇస్తే సరిపోదా? చింపాంజీల విషయంలో సరిపోదు. ఎందుకు సరిపోదో, మిగిలిన లోటును సంరక్షకులు ఎలా పూడుస్తారో తెలుసుకుందాం.

ఎక్కడి నుంచి వస్తాయి?

ఆఫ్రికా ఆశ్రయ కేంద్రాలకు చేరే చింపాంజీలలో ఎక్కువ భాగం పసిపిల్లలే. మాంసం కోసం పెద్ద చింపాంజీలను వేటాడతారు. తల్లి ఒంటిని కరుచుకుని ఉన్న పిల్లను సజీవంగా పట్టుకుని, పెంపుడు జంతువుగానో ప్రదర్శనకో అమ్ముతారు. తల్లి ప్రాణాలతో ఉండగా పిల్లను విడిపించుకుపోవడం అసాధ్యం. కాబట్టి అమ్మకానికి వచ్చిన ప్రతి పిల్ల వెనుకా కనీసం ఒక మరణం ఉంటుంది. తల్లికి అడ్డుపడిన గుంపు సభ్యులు కూడా తరచుగా చనిపోతాయి.

అమెరికాలో కథ వేరు. అక్కడ ఆశ్రయం పొందిన చింపాంజీలలో చాలావరకు వైద్య పరిశోధనశాలల్లో దశాబ్దాలు గడిపినవే. ప్రయోగాలకు ఇక అవసరం లేని చింపాంజీలకు శాశ్వత ఆశ్రయం కల్పించాలని 2000లో అక్కడ చట్టం వచ్చింది. 2015లో జాతీయ ఆరోగ్య సంస్థలు తమ అధీనంలోని చింపాంజీలపై జీవవైద్య పరిశోధనలకు స్వస్తి చెప్పాయి. లూసియానా రాష్ట్రంలో 200 ఎకరాల్లో ఉన్న 'చింప్ హేవెన్' వాటికి జాతీయ ఆశ్రయంగా పనిచేస్తోంది.

మన దేశానికీ ఈ వ్యవహారంతో సంబంధం లేకపోలేదు. కోల్‌కతాలో ఒక వన్యప్రాణుల స్మగ్లింగ్ కేసులో పట్టుబడిన 3 చింపాంజీలను 2019లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ జప్తు చేసింది. వాటికి అలీపూర్ జూలో చోటు దొరికింది. చింపాంజీల వాణిజ్యాన్ని సైటిస్ ఒప్పందం అంతర్జాతీయంగా నిషేధించినా, దొంగ రవాణా ఆగలేదు.

కాపాడిన వాటిని తిరిగి అడవిలో వదలవచ్చు కదా అనిపిస్తుంది. ఇది చెప్పినంత సులువు కాదు. ఏ ఆకు తినాలి, ఏది తినకూడదు, పడక ఎలా అల్లుకోవాలి, ఎవరి ముందు తల వంచాలి అన్నవన్నీ పిల్ల తల్లి వెంట తిరుగుతూ నేర్చుకుంటుంది. నాలుగైదేళ్లు తల్లిపాలు తాగి, ఆ తరవాత కూడా కొన్నేళ్లు తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఈ చదువు మధ్యలో ఆగిపోయిన చింపాంజీకి అడవి పరాయి చోటు. పైగా అడవిలో ముందే ఉన్న గుంపులు కొత్తవాటిని, ముఖ్యంగా మగవాటిని, శత్రువులుగా చూసి దాడి చేస్తాయి. కాంగో గణతంత్రంలోని కొంకువాటి ప్రాంతంలో 1996 నుంచి 2001 మధ్య 37 అనాథ చింపాంజీలను వదిలినప్పుడు సంరక్షకులకు ఈ కష్టమే ఎదురైంది. అందువల్ల ఎక్కువ చింపాంజీలకు ఆశ్రయ కేంద్రమే జీవితాంతం ఇల్లు.

అడవిలో తీరిక ఉండదు

మంచి ఆశ్రయం ఎలా ఉండాలో తెలియాలంటే ముందు అడవిలో చింపాంజీ రోజు ఎలా గడుస్తుందో చూడాలి. మెలకువగా ఉన్న సమయంలో దాదాపు సగం తిండి వెతుక్కోవడానికి, తినడానికే పోతుంది. పండ్ల చెట్లు ఒకచోట ఉండవు, అన్నీ ఒకేసారి పండవు. ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో గుర్తుంచుకోవాలి. పొద్దున విడిపోయిన గుంపు మధ్యాహ్నం ఇంకో రకంగా కలుస్తుంది. ఒకరి ఒంట్లో మురికి ఒకరు తీసుకుంటూ బంధాలు నిలుపుకుంటాయి. సాయంత్రానికి కొమ్మలు వంచి, ఆకులు పరిచి, ప్రతి రాత్రీ కొత్త పడక కట్టుకుంటాయి.

వీటికి తోడు పనిముట్లు కూడా ఉన్నాయి. గడ్డిపుల్లను చెదపుట్టలోకి దూర్చి చెదలను బయటికి లాగి తినడాన్ని జేన్ గుడాల్ 1960లో టాంజానియాలోని గోంబేలో గమనించారు. పశ్చిమ ఆఫ్రికాలో కొన్ని గుంపులు రాతి మీద కాయను పెట్టి మరో రాతితో పగలగొడతాయి. ఆ విద్య పట్టుబడటానికి పిల్లలకు ఏళ్లు పడుతుంది.

ఇన్ని పనులకు తగ్గట్టుగా రూపొందిన మెదడును ఖాళీ గదిలో కూర్చోబెడితే ఏమవుతుంది? కొన్ని చింపాంజీలు గంటల తరబడి ముందుకూ వెనక్కూ ఊగుతాయి. కొన్ని తమ వెంట్రుకలను తామే పీక్కుంటాయి, గాయాలు చేసుకుంటాయి, మలాన్ని తింటాయి. 2011లో ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికా, బ్రిటన్‌లలోని 6 జూలలో 40 చింపాంజీలను పరిశీలించారు. అసహజ ప్రవర్తన ఏదో ఒక రూపంలో ఆ నలభైలోనూ కనిపించింది. అవి మంచి తిండి, గుంపు ఉన్న చింపాంజీలే. అంటే సమస్య కడుపుతో తీరేది కాదు.

న్గాంబాలో ఒక రోజు

న్గాంబా దీవిలో పొద్దున్నే రాత్రి గదుల తలుపులు తెరుస్తారు. చింపాంజీలు అడవిలోకి వెళ్లిపోతాయి. చెట్లెక్కుతాయి, ఆకులు, కాయలు వెతుక్కుంటాయి, పోట్లాడుకుంటాయి, రాజీపడతాయి. వంద ఎకరాల అడవి 50 చింపాంజీల కడుపు నింపలేదు. అందుకే సిబ్బంది రోజులో పలుమార్లు పండ్లు, కూరగాయలు అందిస్తారు. వాటిని ఒక్కచోట కుప్పపోయరు. కంచె అవతలికి దూరదూరంగా విసురుతారు. ఒకేచోట పోస్తే బలమైనవి ముందు కూర్చుంటాయి, చిన్నవాటికి మిగిలేది తక్కువ. వెదజల్లితే అందరికీ ఎంతో కొంత అందుతుంది, వెతుక్కునే పని కూడా దొరుకుతుంది.

చీకటి పడేవేళకు చాలా చింపాంజీలు గదులకు తిరిగి వస్తాయి. అక్కడ ఎత్తున కట్టిన ఊయల పడకలు, పరుచుకోవడానికి ఎండుగడ్డి ఉంటాయి. నేల మీద పడుకోవడం చింపాంజీ స్వభావం కాదు. ఎత్తు వాటికి భద్రత. కొన్ని అడవిలోనే ఆకుల పడక కట్టుకుని ఉండిపోతాయి. ఎక్కడ పడుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ వాటిదే. సంరక్షణ శాస్త్రంలో ఈ ఎంపికకు చాలా విలువ ఉంది. తన జీవితంలో ఏ కొంచెమైనా తన చేతిలో ఉందని తెలిసిన జంతువుకు ఒత్తిడి తగ్గుతుంది.

ఎన్‌రిచ్‌మెంట్ అంటే ఏమిటి?

బందీగా ఉన్న జంతువుకు దాని సహజ ప్రవర్తనను చూపే అవకాశాలు కల్పించడాన్ని ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. ఆలోచన కొత్తది కాదు. బందీ వానరాలకు ఆటకూ పనికీ వీలైన సాధనాలు ఇవ్వాలని అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ యెర్కీస్ 1925లోనే రాశారు. పరిశోధనశాలల్లోని వానరాల మానసిక క్షేమాన్ని కూడా చూడాలని అమెరికా చట్టం 1985లో నిర్దేశించింది.

దీనిలో ప్రధానంగా ఐదు రకాలు ఉన్నాయి.

తిండితో ముడిపడినవి: ఉదాహరణకు కృత్రిమ చెదపుట్ట. సిమెంటుతో కట్టిన పుట్టలో సన్నని రంధ్రాలు ఉంచి, లోపల తేనె గానీ పండ్ల గుజ్జు గానీ నింపుతారు. చింపాంజీ తగిన పుల్లను ఎంచుకుని, ఆకులు దూసి, రంధ్రంలోకి దూర్చి నాకుతుంది. ఎండాకాలంలో పండ్ల ముక్కలను మంచుగడ్డల్లో పెట్టి ఇస్తారు.

నిర్మాణాలు: ఎక్కడానికి స్తంభాలు, వేలాడటానికి తాళ్లు, నలుగురి కంట పడకుండా తప్పుకోవడానికి చాటు స్థలాలు.

ఇంద్రియాలకు సంబంధించినవి: కొత్త వాసనలు, శబ్దాలు, రకరకాల బట్టలు, కాగితాలు.

ఆలోచనకు పదును పెట్టేవి: తిండి బయటికి రావాలంటే వరుసగా రెండు మూడు పనులు చేయాల్సిన పజిల్ పెట్టెలు.

ఐదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తోటి చింపాంజీల సాంగత్యం.

ఊరికే దొరికే తిండిని వదిలి కష్టపడి తినడానికి జంతువు ఎందుకు ఇష్టపడుతుంది? 1963లో గ్లెన్ జెన్సెన్ అనే మనస్తత్వవేత్త ఎలుకలతో చేసిన ప్రయోగంలో, పక్కనే గిన్నెలో తిండి ఉన్నా చాలా ఎలుకలు మీట నొక్కి తిండి రాబట్టుకున్నాయి. తరవాత ఈ ధోరణి ఎన్నో జాతుల్లో కనిపించింది. వెతకడం, పరిసరాలను తెలుసుకోవడం అడవిలో ప్రాణం నిలిపే పనులు. అందుకే వాటి పట్ల ఆసక్తి ఆకలితో పాటు తీరిపోదు.

అయితే ఎంత మంచి బొమ్మ అయినా కొద్ది రోజులకు పాతబడుతుంది. కాబట్టి సంరక్షకులు వస్తువులను మారుస్తుంటారు, కొన్నాళ్లు దాచి మళ్లీ ఇస్తారు, పజిల్‌ను క్రమంగా కఠినం చేస్తారు. ఒక చింపాంజీకి నచ్చింది ఇంకోదానికి నచ్చకపోవచ్చు. ఉన్నది ఒకే వస్తువైతే పోట్లాట తప్పదు కాబట్టి, సభ్యుల సంఖ్య కన్నా ఒకటి రెండు ఎక్కువే ఉంచుతారు.

తోడు దొరకడమే అసలు వైద్యం

కొత్తగా వచ్చిన పిల్లను నేరుగా గుంపులో వదలరు. మొదట విడిగా ఉంచి క్షయ వంటి వ్యాధులకు పరీక్షలు చేస్తారు. ఆ రోజుల్లో ఒక మనిషి తల్లిలా దగ్గర ఉంటారు. పసి చింపాంజీకి పాలు ఎంత అవసరమో పట్టుకోవడానికి ఒక ఒళ్లు అంతే అవసరం. ఆ తరవాత జాలీకి అవతల ఓర్పు గల ఒక ఆడ చింపాంజీని పరిచయం చేస్తారు. వేళ్లు తాకించుకోవడం, పెదాలు కలపడం వంటి స్నేహ సంకేతాలు కనిపిస్తే ఒకే గదిలోకి పంపుతారు. ఒక్కొక్కరినే కలుపుతూ పోతారు. బలమైన మగవాటి వంతు చివర వస్తుంది. దీనికి వారాలు, నెలలు పడుతుంది.

పరిశోధనశాల నుంచి వచ్చిన కొన్ని పెద్ద చింపాంజీలకు గడ్డి మీద అడుగు పెట్టడమే కొత్త. తలుపు తెరిచి ఉన్నా గడప దాటవు. వాటిని ఎవరూ తొందరపెట్టరు. ముందు దాటిన నేస్తాన్ని చూసి మిగిలినవి ధైర్యం తెచ్చుకుంటాయి.

ఈ సాంఘిక తెలివి ఎంత లోతైనదో న్గాంబాలోనే ఒక పరిశోధన చూపింది. ఒక తాడు రెండు కొసలనూ ఇద్దరు ఒకేసారి లాగితేనే తిండి బల్ల దగ్గరికి వస్తుంది. తలుపు గడియ తీసి తోడును పిలుచుకునే అవకాశం చింపాంజీకి ఇచ్చారు. ఒంటరిగా చేయలేనప్పుడే అవి తోడును ఎక్కువగా పిలిచాయి. కొద్ది అనుభవం తరవాత, ఇద్దరిలో మెరుగ్గా సహకరించేవారినే ఎంచుకున్నాయి. అలీషియా మెలిస్, బ్రయన్ హేర్, మైకేల్ టోమసెల్లో 2006లో 'సైన్స్' పత్రికలో ఈ ఫలితాలను ప్రచురించారు. గమనించాల్సిన మరో సంగతి, ఇటువంటి ప్రయోగాలు ఆ చింపాంజీలకు కూడా కాలక్షేపమే.

భుజం తానే చాపే చింపాంజీ

వైద్యం చేయాలన్నా బలవంతం పనికిరాదు. మత్తు బాణం వేస్తే జంతువుకు పాత భయాలు మేలుకుంటాయి. అందుకే భుజాన్ని జాలీకి ఆనించడం, నోరు తెరవడం, గాయమైన చోటు చూపించడం బహుమానాల ద్వారా నేర్పుతారు. సరిగ్గా చేసిన క్షణంలో ఒక గుర్తు శబ్దం, వెంటనే ఇష్టమైన పండు ముక్క. వద్దనుకుంటే చింపాంజీ లేచి వెళ్లిపోవచ్చు. మన జలుబు కూడా వాటికి ప్రాణాంతకం కాగలదు కాబట్టి, సిబ్బంది మాస్కులు ధరిస్తారు, దూరం పాటిస్తారు.

కోలుకుంటాయా?

2011లో వెలువడిన ఒక అధ్యయనం ఆఫ్రికా ఆశ్రయ కేంద్రాల చింపాంజీలను అడవి చింపాంజీలతో పోల్చింది. కుంగుబాటు, గాయపడిన మనసు లక్షణాలు ఆశ్రయంలోని వాటిలోనే చాలా ఎక్కువగా కనిపించాయి. అదే ఏడాది ఇంకో అధ్యయనం ఆశ్రయ కేంద్రాల్లోని అనాథలను, అక్కడే తల్లి దగ్గర పెరిగిన పిల్లలతో పోల్చింది. ఒత్తిడి హార్మోను స్థాయిలోనూ తెలివితేటల్లోనూ పెద్ద తేడా కనబడలేదు.

ఈ రెండూ పరస్పర విరుద్ధంగా తోచవచ్చు. కానీ పోలిక దేనితో అన్నది చూడాలి. మొదటిది అడవి జీవితంతో పోల్చి నష్టాన్ని చూపింది. రెండోది మంచి సంరక్షణలో పెరిగినప్పుడు అనాథలు ఎంతవరకు నిలదొక్కుకోగలవో చూపింది. తల్లిని కోల్పోయిన గాయం పూర్తిగా మాసిపోకపోవచ్చు. అయినా దాని పక్కనే ఒక జీవితం కట్టుకోవచ్చు.

ఆ జీవితం చిన్నది కాదు. సంరక్షణలో చింపాంజీ 40, 50 ఏళ్లు, కొన్నిసార్లు అంతకు మించీ బతుకుతుంది. ఈరోజు ఒక పిల్లను చేర్చుకున్న కేంద్రం అర్ధ శతాబ్దపు తిండికీ, సిబ్బందికీ, మందులకూ మాట ఇచ్చినట్టే. న్గాంబాలో ఆడ చింపాంజీలకు గర్భనిరోధక సాధనాలు అమర్చడానికి కారణం ఇదే. అక్కడ పుట్టే ప్రతి పిల్లా బయట ఆపదలో ఉన్న ఒక అనాథ చోటును తీసుకుంటుంది.

ఈ కేంద్రాలకు వచ్చే పిల్లల సంఖ్య తగ్గాలంటే కొనేవారు తగ్గాలి. మనిషి పక్కన నిలబడిన చింపాంజీ ఫొటోను చూసినవారు, అడవిలో అవి క్షేమంగానే ఉన్నాయనీ, పెంచుకోవడానికి బాగుంటాయనీ ఎక్కువగా భావిస్తారని ఒక అధ్యయనంలో తేలింది. చొక్కా తొడిగిన చింపాంజీ పిల్ల వీడియోను ముద్దుగా ఉందని నలుగురికీ పంపేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీరు చేసి చూడండి

ఈసారి జూకు వెళ్లినప్పుడు ఒక కోతి, చింపాంజీ లేదా ఎలుగుబంటి ముందు 20 నిమిషాలు ఆగండి. కాగితం మీద ఐదు గడులు గీయండి: తినడం లేదా వెతకడం, కదలడం, తోటివాటితో మెలగడం, విశ్రాంతి, ఒకే పనిని అర్థం లేకుండా మళ్లీ మళ్లీ చేయడం. నిమిషానికొకసారి జంతువు ఏం చేస్తోందో చూసి తగిన గడిలో గీత పెట్టండి. సంరక్షకులు తమ ప్రయత్నం ఫలించిందా లేదా అని తేల్చుకునేది కూడా ఈ పద్ధతిలోనే. కొత్త వస్తువు ఇవ్వడానికి ముందు, ఇచ్చిన తరవాత గీతలు లెక్కపెడతారు. మీ కాగితంలో ఐదో గడి నిండిపోతే, ఆ జంతువుకు కడుపు నిండినా చేతికి పని లేదేమోనని అనుమానించవచ్చు. ఒక్క 20 నిమిషాలతో తీర్పు చెప్పలేం కాబట్టి, వేరే రోజు వేరే వేళలో మళ్లీ చూసి పోల్చండి.