శ్రుతి తప్పితే తప్పు వేళ్లదేనా?



ఇంట్లో చక్కగా వాయించిన పిల్లలు ఏసీ ఆడిటోరియంలో స్టేజీ ఎక్కగానే ఒక్కోసారి శ్రుతి తప్పుతారు. "ఇన్నాళ్లూ నేర్చుకున్నది ఇదేనా?" అని కోప్పడకండి. మారింది పిల్లల చెయ్యి కాకపోవచ్చు, గది ఉష్ణోగ్రత కావచ్చు.

వీణ, గిటార్, వయొలిన్: లోహం వేడికి వ్యాకోచిస్తుంది, చల్లదనానికి సంకోచిస్తుంది. అందుకే స్టేజీ లైట్ల వేడికి స్టీలు తీగ వదులై శ్రుతి దిగుతుంది. ఏసీ చలికి బిగిసి శ్రుతి పెరుగుతుంది.

ఫ్లూట్: ఇక్కడ అంతా తలకిందులు! పలికేది లోపలి గాలి. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 35 డిగ్రీల దగ్గర సుమారు 352 మీటర్లు. లోపలి గాలి అంత వేడెక్కితే 440 హెర్ట్జ్ స్వరం దాదాపు 451 హెర్ట్జ్ అవుతుంది. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య ఉండే తేడాలో ఇది సగానికి కాస్త తక్కువ. చెవికి ఇట్టే తెలిసిపోతుంది. అంటే ఏసీ హాల్లో తీగ శ్రుతి పైకి, ఫ్లూట్ శ్రుతి కిందికి జరుగుతాయి. ఇద్దరు పిల్లలూ సరిగ్గా వాయించినా కలవదు.

డప్పు: వాయించే ముందు మంట దగ్గర కాచడం మనం చూసిందే. వేడికి చర్మంలోని తేమ ఆరి, చర్మం బిగిసి, మోత ఖంగుమంటుంది. సైన్స్ పుస్తకంలోని ధ్వని పాఠం మన ఊరి డప్పు కళాకారులకు అనుభవంలో ఉన్నదే.

మీరు చేయగలిగినవి:
• ప్రోగ్రాంకు అరగంట ముందే వాయిద్యాన్ని హాల్లోకి చేర్చి, అక్కడే శ్రుతి చేయించండి.
• ఫ్లూట్‌ను వాయించే ముందు కొద్దిసేపు ఊది వేడెక్కించమనండి.
• ఎండలో నిలిపిన కారులో వీణ ఉంచకండి. మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడుతుంది.

ఇంట్లో చేసి చూడండి: ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో గిటార్ తీగను శ్రుతి చేసి, ఏసీ గదిలో అరగంట ఉంచి, మళ్లీ కొలవండి. ముల్లు ఎటు జరుగుతుందో మీ పిల్లల్ని ముందే ఊహించమనండి. కారణం వాళ్లే చెప్పగలిగితే, ధ్వని పాఠం వచ్చేసినట్టే!