బొగ్గుగనుల సీమలో శీతోష్ణస్థితి పాఠము



పుస్తకములోని పాఠమును చెప్పుట ఒక పని. వినువారి ఇంటి పొయ్యితో ముడిపడిన పాఠమును చెప్పుట వేరొక పని. గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో లోకము వేడెక్కుటను గూర్చి బోధించు మాకు ఈ భేదము ప్రతి సంవత్సరమును అనుభవమునకు వచ్చుచున్నది. ఇచ్చట బొగ్గనునది పుస్తకములో మాత్రమే ఉండు పదార్థము కాదు. ఇంటి అద్దె, అంగడి బాకీ, అక్క పెండ్లి, పాఠశాల రుసుము, ఇవన్నియు దానినుండియే వచ్చుచున్నవి. తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు నూటికి 49 వంతులుగల సింగరేణి సంస్థ 2023-24 సంవత్సరములో సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గును వెలికి తీసెను. 1983లో మొదటి యూనిటు ప్రారంభమైన రామగుండము ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రము శక్తి నేడు 2,600 మెగావాట్లు. ఇట్టి సీమలో బొగ్గుపొగను గూర్చి మాటలాడునపుడు నాలుక జాగ్రత్తగా ఉండవలయును.

మేము జాగ్రత్తగా ఉండలేదు. పదవ తరగతిలో ఈ పాఠము మొదలుపెట్టిన నాడు ఒక బాలుడు లేచి, "సారూ, మా బాపు ఇరవై ఐదేండ్ల సంది గనిల దిగుతుండు. గట్లయితే ఆయన చేసేది తప్పు పనా?" అని అడిగెను. మరియొకడు, ఇదంతయు గనులు మూయించుటకు పెద్దలాడు నాటకమని తమ కాలనీలో చెప్పుకొనుచున్నారనెను. వెనుక వరుసలోని బాలిక, ఒక జెండావారు నిజమందురనియు, వేరొక జెండావారు అబద్ధమందురనియు, తానెవరిని నమ్మవలెననియు ప్రశ్నించెను. మేము తొందరపడి పుస్తకములోని వాక్యములనే మరికొంత గట్టిగా చదివి గంట కొట్టువరకు కాలము గడిపితిమి. గొంతు పెంచుట జవాబు కాదని ఇంటికి పోయిన తరువాత తోచినది.

మరునాడు పాఠము ఆపి, ప్రతివారును తమ సందేహమును చీటిపై వ్రాసి ఇయ్యుడని కోరితిమి. పేరు వ్రాయనక్కరలేదంటిమి. వచ్చిన చీటీలను పిల్లలచేతనే రెండు కుప్పలుగా వేయించితిమి. కొలిచి తేల్చదగినవి మొదటి కుప్ప. నలుగురు కూర్చుండి న్యాయాన్యాయములు విచారించి తేల్చవలసినవి రెండవ కుప్ప. ఈ రెండును కలిసిపోవుటచేతనే మన ఊళ్ళలో వాదము పెరుగుచున్నదని మా అభిప్రాయము. ఆ విచారణ సారమును ఈ సంచికలో పొందుపరచుచున్నాము.

మొదటి కుప్ప: కొలిచి తేల్చదగినవి

"కంటికి కనబడని గాలి లోకమును వేడిచేయునా?" అనునది మొదటి చీటి. దీనికి జవాబు ఇంటిలోనే అడిగి రండని పిల్లలను పంపితిమి. గనిలో పనిచేసిన తండ్రులు, తాతలు చెప్పిన మాటలను వారు వ్రాసి తెచ్చిరి. గనిలో కనబడని గాలులు పెక్కు కలవు. ఒకటి మండును, ఒకటి దీపమును ఆర్పును, ఒకటి మనుష్యుని నిద్రపుచ్చి చంపును. 1815లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ నిర్మించిన రక్షణ దీపముయొక్క జ్వాలను చూచి, పాత కార్మికులు గాలి గుణమును కనిపెట్టెడివారు. నేడు ఆ పనికి విద్యుత్ పరికరములు వచ్చినవి. ఆ డేవీ పనిచేసిన సంస్థలోనే 1859లో జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు వేర్వేరు వాయువులను పొడవైన గొట్టములో నింపి, వాటి గుండా ఉష్ణకిరణములను పంపి కొలిచెను. నత్రజని, ప్రాణవాయువు ఆ కిరణములను దాదాపు అడ్డగింపలేదు. నీటి ఆవిరియు, నేటి పుస్తకములలో కార్బన్ డయాక్సైడు అనబడు బొగ్గుపులుసు వాయువును వాటిని పీల్చుకొనెను. అంతకు మూడేండ్ల ముందు, 1856లో, యూనిస్ ఫుట్ అను అమెరికా వనిత గాజు గొట్టములను ఎండలో ఉంచి, బొగ్గుపులుసు వాయువు నింపిన గొట్టము అన్నిటికన్న ఎక్కువ వేడెక్కుటను చూచెను. మన దేశపు నేటి రాజకీయ పక్షములేవియు అప్పటికి పుట్టలేదు.

ఇచ్చట మా పొరపాటు మరియొకటి చెప్పవలసియున్నది. రెండు సీసాలలో ఒకదానిలో మాత్రము ఆ వాయువును నింపి దీపము ముందుంచిన, అందులోని ఉష్ణమాపకము పైకెక్కునని కొన్ని పుస్తకములు చెప్పుచున్నవి. మేము చేసి చూపగా, ఒకమారు ఎక్కెను, ఒకమారు ఎక్కలేదు. పిల్లలు నవ్విరి. చిన్న సీసాలో గాజు, మూత, వాయువు బరువు మొదలగు కారణములు ఫలితమును చెరచును. టిండాల్ కొలిచినది ఇట్టి మోటు పనిముట్టుతో కాదు. ఈ ప్రయోగము నమ్మదగినది కాదని మేమే ఒప్పుకొంటిమి. ఆశ్చర్యమేమనగా, ఆ ఒప్పుకోలు తరువాతనే పిల్లలు మా మాటను శ్రద్ధగా వినసాగిరి.

దానికి బదులు మరియొక ప్రయోగము చేసితిమి. కాలుచున్న బొగ్గునుండి వచ్చు వాయువును సున్నపుతేటలోనికి పోనిచ్చితిమి. తేట పాలవలె తెల్లబడెను. బొగ్గు కాలిన ఈ వాయువు పుట్టుననుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు. ఎంత పుట్టును? మన ప్రాంతపు బొగ్గులో బూడిద హెచ్చు గనుక, ఒక టన్నులో 400 కిలోలు మాత్రమే కర్బనమనుకొందము. 12 పాళ్ళ కర్బనము 32 పాళ్ళ ప్రాణవాయువుతో కూడి 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువగును. కావున 400 కిలోలనుండి సుమారు 1,467 కిలోల వాయువు వెలువడును. "టన్ను బొగ్గుకు టన్నున్నర గాలి ఎట్ల వస్తది?" అని ఒకడు ఎగతాళి చేసెను. మిగిలిన బరువు గాలిలోనుండి తీసికొన్న ప్రాణవాయువుదని నల్లబల్లపై తానే లెక్క చేసి, తానే ఊరకుండెను.

రెండవ చీటి: "గాలిలో అది ఎంత? పిసరంత గదా?" నిజమే. పరిశ్రమలు ప్రబలక పూర్వము పది లక్షల పాళ్ళ గాలిలో అది సుమారు 280 పాళ్ళు. ఈ సంగతి అంటార్కిటికా మంచులో చిక్కుకొన్న ప్రాచీనపు గాలిబుడగలనుండి తెలిసినది. 1958లో చార్లెస్ కీలింగు హవాయి ద్వీపమునందలి మౌనాలోవా పర్వతముపై కొలత మొదలుపెట్టునాటికి సుమారు 315. 2024 నాటికి 420 దాటెను. అనగా పూర్వముకన్న సగము పెరిగెను. పిసరంత పదార్థము ఏమి చేయగలదని గనివారి బిడ్డలు అడుగనక్కరలేదు. గనిలో మండువాయువు నూటికి ఒకటింబాతికకు చేరిన విద్యుత్తు ఆపివేయవలెనను నియమమును వారి తండ్రులెరుగుదురు. కార్బన్ మోనాక్సైడు నూటికి అర పాలు లేకున్నను ప్రాణము తీయును. వేడిని పట్టు వాయువులు గాలిలో లేకున్నచో భూమి సగటు ఉష్ణము నేటి 15 డిగ్రీలకు మారుగా సున్నకు దిగువ 18 డిగ్రీల ప్రాంతమున ఉండును. కొంచెమే అయినను మనలను బ్రదికించుచున్నది, మితిమీరిన బాధించుచున్నది.

మూడవ చీటి: "ఆ పెరిగినది బొగ్గునుండియే వచ్చెనని గుర్తేమి?" బొగ్గు తన గుర్తును తానే మోసికొని పోవుచున్నది. మన గోదావరి లోయలోని బొగ్గు పాతిక కోట్ల సంవత్సరములకు పూర్వము గోండ్వానా భూఖండమున పెరిగిన చెట్లు పూడిపోగా ఏర్పడినది. బ్రదికియున్న చెట్టులో కార్బన్-14 అను రేణువు కొంత ఉండును. చెట్టు చచ్చిన పిమ్మట అది 5,730 ఏండ్లకు సగమగుచు క్రమముగా నశించును. పాతిక కోట్ల ఏండ్లనాటి బొగ్గులో అది మిగులదు. కావున భూగర్భ ఇంధనములను కాల్చినకొలది గాలిలో ఆ రేణువు పాలు పలుచబడవలెను. చెట్టు వలయములలో అట్లే పలుచబడెనని హాన్స్ జ్యూస్ 1955లో ప్రకటించెను.

నాలుగవ చీటి మమ్ములను ఎక్కువ సంతోషపెట్టినది: "2022లో గోదావరి పొంగినపుడు లోకము వేడెక్కుటవలననే అన్నారు. మరి 1986లో అంతకన్న పెద్ద వరద వచ్చినది గదా?" లెక్క సరియే. భద్రాచలమువద్ద నీటిమట్టము 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు. ఒక్క వరదను చూపి లోకము మారెననుట ఎంత తప్పో, ఒక్క పాత వరదను చూపి మారలేదనుటయు అంతే తప్పు. ఒకనాటి ఎండవానలు వేరు, శీతోష్ణస్థితి వేరు. శీతోష్ణస్థితిని తెలిసికొనుటకు ముప్పది ఏండ్ల సగటు చూతురు. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన సుమారు నూటికి ఏడు వంతులు ఎక్కువ ఆవిరిని పట్టగలదు. అందుచేత కుండపోత వానలకు అవకాశము హెచ్చును. రామగుండము ఎండ పూర్వమునుండియు ప్రసిద్ధమే. అయినను 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములలో వడగాడ్పులచే వేయిమందికి పైగా మరణించిరి. భూమి సగటు ఉష్ణము పూర్వముకన్న 1.1 డిగ్రీలు పెరిగెననియు, దానికి మానవుల చేతలు కారణమనుటలో సందేహము లేదనియు 2021లో వివిధ దేశముల శాస్త్రజ్ఞుల సంఘము నిర్ధారించెను.

రెండవ కుప్ప: విచారించి తేల్చవలసినవి

"మాకన్న ముందు తెల్లవాళ్ళు తగలబెట్టిరి గదా?" ఇది శాస్త్రమునకు సంబంధించిన సందేహము కాదు, న్యాయమునకు సంబంధించిన ప్రశ్న, అందును గొప్ప ప్రశ్న. రెండు శతాబ్దములుగా గాలిలో చేరిన వాయువులో ఐరోపా, అమెరికాలదే పెద్ద పాలు. నేటికిని సగటు అమెరికావాడు సగటు భారతీయునికన్న అనేక రెట్లు వెలువరించుచున్నాడు. 2021లో గ్లాస్గో సభయందు మన దేశము 2070 నాటికి నికరముగా సున్నకు చేరుదుమని ప్రకటించెను; ఆ సభలోనే బొగ్గును "మానివేయుట" అను మాటను "తగ్గించుట" అని మార్పించెను. ఇది తగునా తగదా యని మా తరగతిలో రెండు పక్షములుగా వాదించిరి. వాదింపనిచ్చితిమి. ఎవరి పాలు ఎంతయని వాదింపవచ్చును గాని, సున్నపుతేట తెల్లబడలేదని మాత్రము వాదింపరాదు.

"గనులు మూసిన మా గతి యేమి?" అను చీటీలు అన్నిటికన్న ఎక్కువ. దీనికి మావద్ద సిద్ధమైన జవాబు లేదని చెప్పితిమి. అయినను రెండు సంగతులు జ్ఞప్తికి తెచ్చితిమి. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసిరి. నేడు దాదాపు 40 వేలు. ఈ తగ్గుదల శీతోష్ణస్థితి పాఠమువలన వచ్చినది కాదు. యంత్రములును ఓపెన్‌కాస్టు గనులును వచ్చుటవలన కలిగినది. రెండవది, బొగ్గుతో ఎరువు చేయుచుండిన రామగుండము ఎరువుల కర్మాగారము నష్టములచే 1999లో మూతపడి, 2021లో సహజవాయువుతో కొత్త కర్మాగారముగా మరల ప్రారంభమగుటకు ఇరువది ఏండ్లు పట్టెను. మార్పు పాఠశాలలో దాని పేరెత్తకున్నను వచ్చును. ముందుగా ఎరిగినవాడు అడుగవలసినది అడుగగలడు: కొత్త పని ఏది? దానికి చదువు ఎక్కడ? ఆ ఖర్చు ఎవరిది? 2022 జూలైనుండి ఎన్.టి.పి.సి. జలాశయముపై 100 మెగావాట్ల సౌరఫలకములు తేలుచున్నవి. గనికి కావలసినన్ని చేతులు వాటికి అక్కరలేదు. ఈ చేదు నిజమునుకూడ మేము దాచలేదు.

ఇక మొదటి బాలుని ప్రశ్నకు జవాబు. నాయనా, మీ బాపు చేసినది తప్పు పని కాదు. దేశము దీపము కోరెను. ఆయన ప్రాణమునకు తెగించి చీకటిలోనికి దిగి దానికి నూనె తెచ్చెను. ఆ దీపము క్రింద చదివినవారమే మనమందరము. ఆ పొగ ఏమి చేయునో తెలిసికొనుట ఆయనను నిందించుట కాదు. గనిలో గాలి చెడినదని కనిపెట్టి చెప్పిన కార్మికుని ఎవరును గనికి శత్రువనరు. ముందుగా చెప్పినందుకు మెచ్చుకొందురు.

నాటినుండి మా పాఠశాల వసారాలో ఒక ఉష్ణమాపకమును నీడయందు వ్రేలాడగట్టి, ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు ఇద్దరు పిల్లలచేత చూపించి పుస్తకములో వ్రాయించుచున్నాము. ఆ ఇద్దరును వేర్వేరు సంఘముల ఇండ్లనుండి వచ్చినవారై యుండునట్లు ఏర్పాటు చేసితిమి. ఇద్దరును ఒకే అంకెను చూచి చేవ్రాలు చేయవలెను. తగాదా పడిన దినము ఇంతవరకు లేదు. ప్రశ్న వేసిన బాలుడు పాఠమంతటిని ఇంకను ఒప్పుకొనలేదు. అయినను ఆ రెండు గంటల వేళను అతడు తప్పిన దినము లేదు.

ఒక సంవత్సరపు లెక్కనుబట్టి శీతోష్ణస్థితి తెలియదు. ముప్పది ఏండ్లు వ్రాయవలెను. అప్పటికి మేముందుము, ఉండము. ఈ పుస్తకము మీ బిడ్డల చేతికి వచ్చువరకు ఒక్క పుటయు ఖాళీ లేకుండ నడుపుడని విద్యార్థులను కోరుచున్నాము. తల్లిదండ్రులును షిఫ్టు లేని దినమున వచ్చి, ఆ పుస్తకమును చూచి, తమ సందేహములనుకూడ చీటిపై వ్రాసి ఇయ్యవలసినదిగా ప్రార్థించుచున్నాము.